పసిబిడ్డ ఏడుపు: వినేవాళ్ల ఒంట్లో ఏం జరుగుతుంది?

మాటలు రాని బిడ్డకు ఏడుపే పిలుపు. ఆ పిలుపు వినేవాళ్ల గుండె వేగాన్ని, నిద్రను, చివరికి తల్లి రొమ్మును కూడా కదిలిస్తుంది. ఈ సంగతి తెలియక బాలింత ముందు మనవాళ్లు అనే మాటలు కొన్ని ఆమెను ఊరికే కుంగదీస్తాయి. ఒక్కోసారి బిడ్డ ప్రాణం మీదికీ తెస్తాయి.

అపోహ: ఏడవగానే ఎత్తుకుంటే చంకకు మరుగుతుంది. కాసేపు ఏడిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి.

పుట్టగానే ఏడ్చే మొదటి ఏడుపుతో ఊపిరితిత్తులు విచ్చుకుంటాయన్నది నిజం. ఆ తర్వాత ఎంత ఏడ్చినా వాటికి ఒరిగేదేమీ లేదు. ఇక మరగడం మాట. 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో హంజికర్, బార్ అనే పరిశోధకులు కొందరు తల్లులను బిడ్డ ఏడ్చినా ఏడవకపోయినా రోజూ మామూలు కంటే ఎక్కువసేపు ఎత్తుకోమన్నారు. ఆరు వారాలు వచ్చేసరికి ఆ పిల్లలు మిగతావాళ్ల కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. నిశ్చింతగా ఎత్తుకోండి.

అపోహ: ఏడుస్తోందంటే తల్లికి పాలు చాలడం లేదు.

ఈ ఒక్క మాటతో ఎన్ని ఇళ్లలోకి డబ్బాపాలు వచ్చాయో! అమెరికా శిశువైద్యుడు బ్రాజెల్టన్ 1962లో 80 మంది పిల్లల ఏడుపును తల్లుల చేత డైరీల్లో రాయించారు. ఆరు వారాల వయసులో ఏ జబ్బూ లేని పిల్లలు కూడా సగటున రోజుకు రెండున్నర గంటలకు పైగా ఏడ్చారు. మూడో నెలకు అది బాగా తగ్గింది. అదంతా ఆకలి కాదు. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే.

పైగా ఆ ఏడుపే పాలను రప్పిస్తుంది. ప్రసూతి వార్డులో పక్క మంచం మీది బిడ్డ కేరుమన్నా ఈ తల్లి రవిక తడుస్తుంది. పాలు చేపడమంటే ఇదే. ఏడుపు చెవిన పడగానే మెదడు ఆక్సిటోసిన్‌ను విడుదల చేస్తుంది. అది పాలగ్రంథుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగించి, బిడ్డ నోరు పెట్టకముందే పాలను ముందుకు తోస్తుంది. దిగులు, అవమానం దీనికి అడ్డుపడతాయి. "నీకు పాలు లేవు" అని పదేపదే దెప్పితే నిజంగానే పాలు చేపడం ఆలస్యమవుతుంది.

అపోహ: బిడ్డ ఏడుపు తల్లికే తెలుస్తుంది.

తండ్రికీ తెలుస్తుంది. బిడ్డతో రోజూ చాలాసేపు గడిపే తండ్రులు తమ బిడ్డ ఏడుపును తల్లులతో సమానంగా గుర్తుపట్టారని 2013లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రకటించారు.

అపోహ: బిడ్డ ఏడుస్తుంటే కోపం తెచ్చుకునేది అసలు తల్లే కాదు.

తల్లులను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. ఆ కోపం రావడానికి కారణం శబ్దంలోనే ఉంది. మనుషుల అరుపుల్లో ఒక గరుకుదనం ఉంటుంది. శబ్దం బలం సెకనుకు 30 నుంచి 150 సార్లు పెరిగి తగ్గుతుంది. మామూలు మాటల్లో అంత వేగం ఉండదు. ఈ గరుకుదనం మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలాను కదిలిస్తుందని 2015లో ఆర్నాల్, పోపెల్ బృందం చూపించింది. బిడ్డ నొప్పితో గుక్కపట్టినప్పుడు ఏడుపులోనూ అది పెరుగుతుంది. రెండు రాత్రులు నిద్ర లేని మనిషి చెవిలో ఆ శబ్దం గంటసేపు మోగితే పళ్లు బిగుసుకుంటాయి, ఒళ్లు మండుతుంది. అది శరీరం చేసే పని. ప్రేమ తక్కువై కాదు.

అసలు ప్రమాదం ఆ కోపంలో బిడ్డను పట్టుకుని కుదపడం. కొన్ని సెకన్లు కుదిపినా మెదడు చుట్టూ ఉన్న రక్తనాళాలు తెగవచ్చు, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కోపం ముంచుకొస్తుంటే బిడ్డను పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి పక్కగదిలోకి వెళ్లండి. మొహం కడుక్కుని, నాలుగైదు నిమిషాలయ్యాక తిరిగి రండి. ఇంట్లో ఇంకొకరుంటే లేపి బిడ్డను వాళ్ల చేతికివ్వండి. అందుకు సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఏడుపుతో పాటు జ్వరం, ఆకుపచ్చ వాంతి, మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం, ఒళ్లు వేలాడేయడం కనిపిస్తే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.