జివ్వుమనే పళ్లకు లేజర్ వైద్యం: ఎవరికి, ఎప్పుడు?

చల్లని నీరు నోట పోసుకోగానే పళ్లు జివ్వుమని లాగడం రాయకోట ప్రాంత ప్రజలకు కొత్త బాధ కాదు. ఉప్పు, కారం అద్దిన మామిడికాయ ముక్క కొరికినప్పుడు "పళ్లు పులిసినవి" అనడం మన ఇండ్లలో తరతరాల మాట. తమిళులు దీనినే 'పల్ కూచ్చం' అంటారు. కొత్తగా వచ్చినది లేజర్ వైద్యం. హోసూరు, కృష్ణగిరి వంటి పట్టణాలలో పంటి వైద్యానికి వెళ్లినవారి చెవిని ఇప్పుడు ఈ మాట పడుతున్నది. నిమిషాలలో బాధ పోతుందని వినగానే, టమోటా అమ్మిన సొమ్ము చేతిలో ఉన్న రైతుకు ఆశ కలగడం సహజం. అయితే ఆ కిరణం ఏ బాధకు పనిచేస్తుంది, ఏ బాధకు పనిచేయదు అన్నది ముందుగా తెలుసుకోవడం అవసరం.

పంటిపై కనిపించే తెల్లని పింగాణి వంటి పొరను ఎనామిల్ అంటారు. శరీరంలో ఇంతకంటె గట్టి పదార్థం మరొకటి లేదు. కాని ఒకసారి అరిగిపోతే అది తిరిగి పెరగదు. దాని క్రింద ఉన్నది డెంటిన్. ఇది చూడడానికి గట్టిగానే ఉన్నా, నిజానికి జల్లెడ వంటిది. ఒక చదరపు మిల్లీమీటరు స్థలంలో వేలకొద్దీ సన్నని గొట్టాలు ఉంటాయి. ఒక్కొక్క గొట్టం వెడల్పు మిల్లీమీటరులో వెయ్యవ వంతు, లేదా అంతకు కొంచెం ఎక్కువ. అవి పంటి నడుమ నరములు, రక్తనాళములు ఉండే మెత్తని భాగం వరకు సాగి ఉంటాయి. వాటి నిండా ద్రవం ఉంటుంది.

ఎనామిల్ అరిగినా, చిగురు క్రిందికి జారి వేరు బయటపడినా ఈ గొట్టాల నోళ్లు తెరుచుకుంటాయి. అప్పుడు చల్లని నీరో, గాలియో, తీపియో, పులుపో తగిలితే లోపలి ద్రవం కదులుతుంది. ఆ కదలిక నరాన్ని తాకుతుంది. అదే ఆ జివ్వుమనే క్షణం. స్వీడన్ దేశపు దంతశాస్త్రజ్ఞుడు మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960ల నాటి పరిశోధనలతో ఈ వివరణకు బలం చేకూర్చాడు. నేటికీ ఎక్కువమంది అంగీకరించే సిద్ధాంతం ఇదే. దీనిని బట్టి వైద్యానికి రెండే మార్గాలు ఉన్నవని తెలుస్తుంది: గొట్టాల నోళ్లు మూయడం, లేదా నరం స్పందనను తగ్గించడం. పేస్టు అయినా, పూత అయినా, లేజర్ అయినా చేసే పని ఈ రెండింటిలో ఒకటి.

మరి నోళ్లు ఎందుకు తెరుచుకుంటున్నవి? మన వైపు కారణాలకు కొరత లేదు. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు, గరుకైన ఎర్ర పళ్లపొడి వేలితో రుద్దే అలవాటు పెద్దవారిలో ఇంకా పూర్తిగా పోలేదు. బ్రష్షు పట్టినవారు కూడా పాత్రలు తోమినట్లు అడ్డంగా, బలంగా తోముతారు. దానితో చిగురు జారి, పంటి మెడ వద్ద గాడి పడుతుంది. ఇక పులుపు సంగతి. నోటిలోని ఆమ్లత కొలత 5.5 కంటె దిగువకు జారితే ఎనామిల్ ఖనిజం కరగడం మొదలవుతుంది. చింతపండు, నిమ్మరసం, సీసాలలో అమ్మే చల్లని పానీయాలు అన్నీ ఆ కొలతకు చాలా దిగువన ఉంటాయి. టమోటా కూడా దిగువనే, కాని వాటంత తీవ్రం కాదు. చారు పోసుకొని అన్నం తిన్నంత మాత్రాన పళ్లు కరిగిపోవు. లాలాజలం ఆ పులుపును సరిచేస్తుంది. పచ్చి మామిడి, నిమ్మ, శీతల పానీయం రోజంతా కొద్దికొద్దిగా నోటిలో ఆడుతుంటేనే చిక్కు. పులుపు తిన్న వెంటనే బ్రష్షు పట్టడం మరింత హాని. మెత్తబడిన పొరను చేతులారా గీకివేసినట్లవుతుంది. నీటితో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవడం మేలు.

ఈ జిల్లాలో దీనికి తోడు ఫ్లోరైడ్ ఉన్నది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భజలంలో అనేకచోట్ల ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉన్నదని ఎన్నడో గుర్తించారు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకే ఉండాలనీ, వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు సహించవచ్చుననీ భారత ప్రమాణం చెబుతున్నది. 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి లోకానికి తెలియజేశారు. తరువాత నల్లగొండ పేరు దీనికి మారుపేరే అయినది. కావేరి నీటిని ఈ రెండు జిల్లాలకు అందించే హొగెనకల్ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ ఉన్నది. జపాను దేశపు రుణంతో, 2008లో శంకుస్థాపన జరిగి, 2013లో అది ప్రారంభమైనది.

ఫ్లోరోసిస్ మరకలు శాశ్వత దంతాలు చిగురు లోపల రూపుదిద్దుకునే బాల్యంలో, సుమారు 8 సంవత్సరాలలోపు, తాగిన నీటివలన వచ్చేవి. అందుచేత నేడు నలభై ఏండ్లు దాటినవారి పళ్లపై ఉన్న గోధుమరంగు నాటి బోరుబావి వ్రాసిన వ్రాత. మరకలు స్వల్పంగా ఉన్న పన్ను సాధారణంగా జివ్వుమనదు. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో మాత్రం ఎనామిల్ గుల్లబారి, పెచ్చులూడి, డెంటిన్ బయటపడుతుంది. అప్పుడు మరక, బాధ రెండూ ఒకే పంటిపై కనబడతాయి.

ఇక్కడ ఒక గందరగోళం తొలగవలసి ఉన్నది. పెండ్లి సంబంధాలు చూసే వేళ యువతీయువకులు పళ్లు తెల్లబరచుకోవడానికి వెళతారు. అక్కడ కూడా లేజర్ మాట వినబడుతుంది. కాని ఆ పని వేరు, ఈ పని వేరు. అక్కడ పంటిని తెల్లబరచేది రసాయనం. కాంతి దానికి తోడు మాత్రమే. పైగా తెల్లబరచిన తరువాత కొన్నాళ్లు పళ్లు జివ్వుమనడం మామూలే. జివ్వుమనే బాధకు వాడే లేజర్ మరకను పోగొట్టదు. పేరు ఒకటే కదా అని ఒకదాని కోసం వెళ్లి మరొకటి చేయించుకుంటే సొమ్మూ పోతుంది, బాధా పెరుగుతుంది.

విచిత్రమేమంటే, నీటిలో అధికమై పంటిని చెరచిన ఫ్లోరైడే దంతవైద్యుని చేతిలో మందు అవుతుంది. పైపూతగా వేసిన ఫ్లోరైడ్ వార్నిష్ గొట్టాల నోళ్లను కొంతవరకు మూస్తుంది. బాల్యంలో మింగినది పెరుగుతున్న పంటిని పాడుచేస్తుంది. పెద్దవారికి పైన పూసినది కాపాడుతుంది. ఫ్లోరైడ్ నీరు తాగే ఊళ్లలో పసిపిల్లల బ్రష్షుపై పేస్టు బియ్యపుగింజంత చాలునని, వారు దానిని మింగకుండా చూడాలని చెప్పేది ఇందుకే.

వైద్యంలో మొదటి మెట్టు చవకైనది. పొటాషియం నైట్రేట్ కలిసిన పేస్టుతో దినమునకు రెండుసార్లు, మెత్తని బ్రష్షుతో తోముకోవాలి. పెట్టెపై ఆ పేరు, దాని పాళ్లు చదివి కొనవచ్చు. 5 శాతం ఉండడం వాడుక. రెండు మూడు రోజులకు గుణం లేదని మానివేసేవారే ఎక్కువ. ఇది పనిచేయడానికి 2 నుండి 4 వారాలు పడుతుంది. దీనికి లొంగనప్పుడు వైద్యుడు వార్నిష్ పూస్తాడు, మెడ వద్ద గాడి లోతుగా ఉంటే పంటిరంగు సిమెంటుతో పూడుస్తాడు. ఆ తరువాతనే లేజర్ ప్రస్తావన రావడం న్యాయం.

లేజర్‌ను 1960లో అమెరికాలో థియోడర్ మైమాన్ తొలిసారిగా పనిచేయించాడు. 1980ల నడుమ నుండి దీనిని జివ్వుమనే పళ్లపై ప్రయోగించడం ఆరంభమైనది. ఇందులో రెండు తరగతులు ఉన్నవి. తక్కువ శక్తిగల డయోడ్ లేజర్ పంటిని వేడి చేయదు. నరం సంకేతాన్ని నెమ్మదింపజేస్తుందని, లోపలినుండి కొత్త డెంటిన్ ఏర్పడేందుకు ప్రేరణ ఇస్తుందని భావిస్తారు. ఎక్కువ శక్తిగల ఎన్‌డి-యాగ్ వంటివి డెంటిన్ ఉపరితలాన్ని క్షణకాలం కరిగించి, గడ్డకట్టించి, గొట్టాల నోళ్లను కుదిస్తాయి. మెత్తబడిన లక్కతో కన్నం పూడ్చినట్లనుకోవచ్చు. ఈ రెండవ తరగతిలో నేర్పు ముఖ్యం. పంటి లోపలి భాగం వేడి ఐదారు డిగ్రీలు పెరిగినా అక్కడి కణజాలానికి ముప్పు. ఏ లేజర్ అయినా రోగికీ, వైద్యునికీ, ప్రక్కన నిలిచిన సహాయకునికీ ప్రత్యేకమైన కళ్లద్దాలు తప్పనిసరి. అవి ఇవ్వనిచోట కుర్చీలో కూర్చోకపోవడమే మంచిది. ఒక్కొక్క పంటికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. సాధారణంగా మత్తు సూది అక్కరలేదు. కొందరికి వారాల ఎడంతో రెండు మూడు సార్లు చేయవలసి వస్తుంది.

ఫలితం ఎంత? 2021లో కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష 23 పరిశోధనలను పరిశీలించి, లేజర్ బాధను తగ్గించవచ్చునని, అయితే ఆధారం ఇంకా బలహీనంగానే ఉన్నదని తేల్చినది. ఈ బాధలో మనసు పాత్ర కూడా ఉన్నది. పరిశోధనలలో యంత్రం వెలిగించకుండా ఊరకే చూపినవారిలో కూడా కొందరు బాగున్నదని చెప్పారు. కనుక లేజర్ మోసమూ కాదు, మహిమా కాదు. నిజంగా ఉపశమనం కలిగినవారికి కూడా తోమే తీరు, పులుపు అలవాటు మారకపోతే నెలలలోనే గొట్టాలు మళ్లీ తెరుచుకుంటాయి.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం వేరొకటి ఉన్నది. జివ్వుమనేదంతా ఈ జబ్బు కాదు. పుచ్చు, సన్నని పగులు, పాత పూడిక క్రింద చేరిన క్రిమి కూడా చల్లని నీటికి ఇలాగే లాగుతాయి. నీరు మింగిన తరువాత కూడా నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, వేడి కాఫీకి ఎక్కువైనా, రాత్రి నిద్ర లేపినా, కొరికినప్పుడు చురుక్కుమన్నా అది తెరుచుకున్న గొట్టాల పని కాకపోవచ్చు. అట్టి పంటికి లేజర్ పెట్టి బాధను కొన్నాళ్లు కప్పిపుచ్చితే, పూడికతో పోయేది వేరు వైద్యానికి, లేదా పన్ను పీకడానికి దారితీస్తుంది. అందుచేత వైద్యుడు గాలి ఊది, సూదిమొనతో తాకి, అవసరమైతే ఎక్స్‌రే తీసి, ఏ పన్ను, ఏ కారణం అని చెప్పిన తరువాతనే లేజర్‌కు ఒప్పుకోవాలి. ఏ తరగతి లేజర్, ఎన్ని సార్లు, మొత్తం ఖర్చెంత అని అడగడానికి మొగమాటం అక్కరలేదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల దంతవిభాగంలో ముందుగా పరీక్ష చేయించుకొని, ఆ చీటీతో ప్రైవేటు వైద్యుని వద్దకు వెళ్లడం ఖర్చుకు భయపడేవారికి అనువైన దారి.