వెబ్ దుబాసీ

ఒక పాఠశాల వారు తమ వెబ్ పుటలో చిన్న ఏర్పాటు చేసికొన్నారని ఊహింపుడు. విద్యార్థి పట్టికలో ఒక పాఠ్యాంశమును ఎన్నుకొని మీట నొక్కినచో, దూరముననున్న సర్వరు ఆ పాఠ్యాంశము పేరును తిరిగి పంపును. అది తెర మీద కనబడును. పేరు రోమను లిపిలో ఉన్నంత కాలము పని చక్కగా సాగినది. అదే పేరును తెలుగు లిపిలో ఉంచగానే చిక్కు వచ్చినది. "తెలుగు" అని రావలసిన చోట "తె" అని మాత్రమే వచ్చి ఆగిపోవుచున్నది.

దోష మెక్కడ ఉన్నది? అక్షరములను చిత్రించు ఫాంటులోనా? త్రోవలోని తీగలలోనా? బ్రౌజరులోనా? సర్వరులోనా? తెర మీద కనబడునది ఫలితము మాత్రమే. దానికి ముందు రెండు యంత్రముల నడుమ జరిగిన సంభాషణ కనబడదు. అది కనబడనంత వరకు ఒకరు ఫాంటును నిందింతురు, మరొకరు తీగలను నిందింతురు. ఆ సంభాషణను అక్షరము పొల్లుపోకుండ కనబరచు సాధనమునకే వెబ్ డీబగ్గింగ్ ప్రాక్సీ అని పేరు. డీబగ్గింగ్ అనగా ప్రోగ్రాములోని దోషమును వెదకి తొలగించుట.

రెండు యంత్రముల సంభాషణ

వెబ్ ఏర్పాటును 1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయములో ప్రతిపాదించెను. దాని మూలసూత్రము మిక్కిలి సులభమైనది. బ్రౌజరు అడుగును, సర్వరు బదులు చెప్పును. ఈ అడుగుటకును చెప్పుటకును ఏర్పడిన భాషకు హెచ్.టి.టి.పి. అని పేరు. వార్తాపత్రిక పుట నొకదానిని తెరచినచో ఒక్క ప్రశ్నతో పని తీరదు. బొమ్మలకు, అక్షరములకు, ప్రకటనలకు వేరువేరుగా పదుల కొలది ప్రశ్నలు పోవుచుండును.

ప్రతి సందేశమునందును రెండు భాగములు గలవు. మొదటిది హెడరు, ఇది జాబు కవరు మీది వ్రాత వంటిది. రెండవది సందేశపు దేహము. ఇది లోపలి కాగితము. సర్వరు పంపు బదులులో మొట్టమొదట మూడంకెల సంఖ్య యొకటి ఉండును. 200 అనగా అంతయు సరిగా నున్నదని అర్థము. 404 అనగా అడిగిన వస్తువు దొరకలేదని అర్థము. 500 అనగా సర్వరులోనే ఏదియో చెడినదని అర్థము. హెడరులో మరికొన్ని వివరములు కూడ ఉండును. పంపిన వస్తువు బొమ్మయా, వ్రాతయా. వ్రాతయైనచో ఏ సంకేత పద్ధతిలో నున్నది. దేహము పొడవు ఎన్ని బైట్లు అనునవి వానిలో ముఖ్యమైనవి. ఈ పొడవును బట్టియే బదులు ఎక్కడ ముగిసినదో బ్రౌజరు తెలిసికొనును.

నడుమ నిలిచిన దుబాసీ

కుంపిణీ దినములలో మచిలీబందరు, చెన్నపట్టణము రేవులయందు ఆంగ్ల వర్తకులకును దేశీయ వర్తకులకును నడుమ దుబాసీలు ఉండెడివారు. ఉభయ పక్షముల మాటలును దుబాసీ ద్వారా నడచెడివి. అట్టి దుబాసీ విన్న ప్రతి మాటను వేళతో సహా కవిలెలో వ్రాసి యుంచినచో, బేరము చెడినపుడు అది ఎవరి మాట వలన చెడినదో తెలిసికొనుట సులభము. డీబగ్గింగ్ ప్రాక్సీ చేయు పని ఇదియే.

ప్రాక్సీ అనగా ఒకరి పక్షమున వ్యవహరించునది. డీబగ్గింగ్ ప్రాక్సీ సాధారణముగా పరీక్షించువాని కంప్యూటరులోనే ఉండు ప్రోగ్రాము. 127.0.0.1 అను చిరునామాకు "ఈ యంత్రమే" అని అర్థము. ప్రాక్సీ ఆ చిరునామాలో ఒక ద్వారము తెరచి కూర్చుండును. ఇకమీదట వెబ్ ప్రశ్నలన్నియు ఈ ద్వారము గుండ పోవలెనని ఆపరేటింగ్ సిస్టమునకు తెలియజేయును. బ్రౌజరు ప్రశ్న ప్రాక్సీకి చేరును. ప్రాక్సీ దానిని వ్రాసికొని సర్వరునకు పంపును. బదులును కూడ వ్రాసికొని బ్రౌజరున కిచ్చును. ప్రశ్న ఎప్పుడు బయలుదేరినది, మొదటి బైటు ఎప్పుడు వచ్చినది, చివరి బైటు ఎప్పుడు వచ్చినది అను లెక్కయు దాని వద్ద ఉండును. పుట ఆలస్యముగా వచ్చుచున్నచో ఆలస్యము సర్వరు ఆలోచనలో జరిగినదా, త్రోవలో జరిగినదా అనునది ఈ లెక్క వలన తేలును.

ఇట్టి సాధనములలో ప్రసిద్ధి కెక్కినది ఫిడ్లర్. మైక్రోసాఫ్ట్ సంస్థలో పనిచేయుచుండిన ఎరిక్ లారెన్స్ దీనిని 2003లో నిర్మించెను. అది వాడు ద్వారపు సంఖ్య 8888. 2012లో టెలెరిక్ అను సంస్థ దీనిని తీసికొనెను; 2014లో ఆ సంస్థ ప్రోగ్రెస్ అను మరియొక సంస్థలో చేరెను. చార్లెస్, మిట్‌మ్‌ప్రాక్సీ అనునవి కూడ ఇదే పని చేయు సాధనములే.

ఇట్టి ప్రోగ్రామును వ్రాయువాడు మొదటనే ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. పని ముగించి పోవునపుడు ప్రాక్సీ తాను మార్చిన త్రోవను మరల యథాస్థితికి తేవలెను. అట్లు చేయకుండ మధ్యలో ఆగిపోయినచో, బ్రౌజరు మూసిన తలుపునే తట్టుచుండును. వాడువానికి ఇంటర్నెట్టే పోయినట్లు తోచును. దోషములు వెదకు సాధనమే కొత్త దోషమునకు కారణ మగును.

ఆరు బైట్లు, పదునెనిమిది బైట్లు

ఇప్పుడు పాఠశాల వారి చిక్కును పరిశీలింపవచ్చును. ప్రాక్సీని నడిపి మీట నొక్కగా, సర్వరు బదులు కవిలెలో పడినది. హెడరులో దేహము పొడవు 6 అని ఉన్నది. వచ్చిన దేహమును లెక్కింపగా అది 18 బైట్లు! సర్వరు చెప్పిన పొడవునకును పంపిన పొడవునకును పొత్తు లేదని సాధనము హెచ్చరించినది.

ఈ భేదమునకు కారణము లిపిలో ఉన్నది. కంప్యూటరు దృష్టిలో "తెలుగు" అను మాటలో ఆరు గుర్తులు గలవు: త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము. నేడు వెబ్‌లో సర్వత్ర వాడుకలో నున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడేసి బైట్లు కావలెను. కనుక మొత్తము 18 బైట్లు. రోమను అక్షరమునకు ఒక్క బైటే చాలును. ఆ లిపిలో ఈ మాటకు టి, ఇ, ఎల్, యు, జి, యు అని ఆరక్షరములు, బైట్లును ఆరే. సర్వరు ప్రోగ్రాము వ్రాసినవారు బైట్లను లెక్కింపవలసిన చోట గుర్తులను లెక్కించిరి. రోమను లిపిలో రెండు లెక్కలును సమానమగుట వలన తప్పు దాగి యుండెను. తెలుగు వచ్చినపుడు బయటపడెను. బ్రౌజరు ఆరు బైట్లు, అనగా రెండు గుర్తులు, చదివి ఆగినది. త, ఎత్వము కలిసినచో "తె" అగును గదా!

కారణము ఊహించినంత మాత్రమున చాలదు. దానిని ప్రయోగముచే నిర్ధారణ చేయవలెను. అందునకును ఈ సాధనములో వసతి కలదు. సర్వరు బదులునకు మారుగా తన వద్దనున్న నకలు బదులును ఇచ్చునట్లు ప్రాక్సీని ఆజ్ఞాపింపవచ్చును. ఆ నకలులో పొడవును 18 అని దిద్ది, తక్కిన దంతయు ఉన్నట్లే ఉంచవలెను. తెర మీద "తెలుగు" అని పూర్తిగా వచ్చినచో ఫాంటును బ్రౌజరును నిర్దోషులు. తక్కిన పరిస్థితులను మార్చకుండ ఒక్క కారణమునే మార్చి చూచుట భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చు పద్ధతియే.

తాళము వేసిన జాబు

ఇంతవరకు చెప్పినది తెరచిన జాబు సంగతి. నేడు వెబ్ సందేశములలో అత్యధిక భాగము తాళము వేసియే పోవును. చిరునామా మొదట హెచ్.టి.టి.పి.ఎస్. అని ఉండుట దీనికి గుర్తు. బ్రౌజరును సర్వరును మొదట ఒక రహస్య సంకేతమును కుదుర్చుకొనును. త్రోవలో నున్న వారికి అర్థము లేని బైట్లు మాత్రమే కనబడును. ఎదుట నున్నది నిజమైన సర్వరేనని బ్రౌజరునకు నమ్మకము కలిగించుటకు సర్వరు ఒక ధ్రువపత్రము చూపును. ఆ పత్రము మీద బ్రౌజరు ముందుగానే నమ్మిన అధికార సంస్థల పరంపరకు చెందిన సంతకము ఉండవలెను.

అట్లయిన ప్రాక్సీ ఎట్లు చదువగలదు? అది తాళము పగులగొట్టదు. ఒక సంభాషణను రెండుగా చేయును. సర్వరుతో తాను బ్రౌజరు వలె ఒక రహస్య సంకేతము కుదుర్చుకొనును. బ్రౌజరుతో తాను సర్వరు వలె మరియొకటి కుదుర్చుకొనును. బ్రౌజరునకు చూపుటకై ఆ సర్వరు పేరుతో అప్పటికప్పుడు ఒక ధ్రువపత్రమును తయారుచేసి, దాని మీద తన సంతకము పెట్టును. ప్రాక్సీ సంతకమును బ్రౌజరు ఎరుగదు గనుక మొదట నిరాకరించును. కంప్యూటరు యజమాని ప్రాక్సీ యొక్క మూల ధ్రువపత్రమును నమ్మదగిన వాని జాబితాలో తన చేతులతో చేర్చిననే పని సాగును.

ఇదియే ఈ సాధనములోని కీలకము. దోషమును వెదకు ప్రోగ్రామరు చేయు పనియు, పరుల జాబులు చదువు దొంగ చేయగోరు పనియు ఒకే తీరున నుండును. మిట్‌మ్‌ప్రాక్సీ పేరులోని మొదటి అక్షరములు "నడుమ నున్న మనిషి" అను ఆంగ్ల పదబంధమునకు పొడియక్షరములు; ఆ పదబంధము వంచకుల పద్ధతికి పెట్టిన పేరే. ఫిడ్లర్ మూల ధ్రువపత్రము పేరు "డు నాట్ ట్రస్ట్", అనగా "నమ్మవద్దు", అను మాటలతో మొదలగును. తన పత్రమును ఇతరులు పొరబాటున నమ్మకుండుటకు సాధనమే చేసిన హెచ్చరిక ఇది. అంతేకాక, ఈ పత్రపు తాళపుచెవిని ప్రతి కంప్యూటరులోను వేరువేరుగా తయారుచేయును.

ఆ జాగ్రత్త లేనిచో ఏమగునో 2015లో లోకమునకు తెలిసినది. లెనోవో సంస్థ అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల ప్రోగ్రామును ముందుగానే ఉంచిరి. అది పుటలలో ప్రకటనలు చొప్పించుటకై తన మూల ధ్రువపత్రమును చేర్చుకొని, తాళము వేసిన సందేశములను ఇదే పద్ధతిలో చదువుచుండెను. యంత్రములన్నిటిలోను తాళపుచెవి ఒక్కటే. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో పరిశోధకులు దానిని బయటకు లాగిరి. దానితో, ఆ ప్రోగ్రామున్న ఏ యంత్రమునైనను మోసగింప వీలు కలిగెను. తరువాత ఆ సంస్థయే దానిని తొలగించు ప్రోగ్రామును విడుదల చేసెను.

సాధనమును ఏల మార్చుచుండవలెను?

దుబాసీకి ఉభయుల భాషయు రావలెను. వెబ్ భాష నిలిచి యుండక మారుచున్నది. కనుక ప్రాక్సీ నిర్మాతలకు విశ్రాంతి లేదు.

1997లో ప్రకటింపబడిన హెచ్.టి.టి.పి. 1.1 సందేశములు మనిషి చదువదగిన వ్రాతలో ఉండెడివి. 2015లో వచ్చిన రెండవ రూపములో హెడర్లు కుదించిన బైట్లుగా మారెను. ఒకే త్రోవలో అనేక సంభాషణల ముక్కలు కలగలిసి పోవుచుండును. ఫిడ్లర్ యొక్క పాత రూపమునకు ఈ భాష రాదు. అది నడుమ నున్నపుడు బ్రౌజరు పాత భాషలోనికి దిగి మాటలాడును. పుట వచ్చును గాని, వచ్చిన తీరు నిజమైన తీరు కాదు. కొద్దిపాటి నీటిలో పెద్ద థర్మామీటరు ముంచినచో నీటి ఉష్ణోగ్రతయే మారును గదా! కొలుచు సాధనము కొలవబడు వస్తువును మార్చరాదను నియమము ఇచటను వర్తించును. ఆ సంస్థ వారి కొత్త సాధనమైన ఫిడ్లర్ ఎవ్రీవేర్ రెండవ రూపమును గ్రహింపగలదు.

2022లో ప్రమాణమైన మూడవ రూపము వెనుకటి టి.సి.పి. త్రోవను విడచి యు.డి.పి. అను వేరు త్రోవను పట్టినది. పాత త్రోవలో కాచుకొని యుండు ప్రాక్సీకి ఇది కనబడనే కనబడదు. మిట్‌మ్‌ప్రాక్సీ 2024లో దీనిని పూర్తిగా చదువ నేర్చెను.

నమ్మకపు నియమములు కూడ బిగియుచున్నవి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 మొదలు, వాడువాడు చేర్చిన ధ్రువపత్రమును ఫోనులోని అప్లికేషన్లు తమంతట నమ్మవు. అప్లికేషను నిర్మాతయే అందునకు అనుమతి వ్రాయవలెను. 2017లో క్రోమ్ బ్రౌజరు, సర్వరు పేరు ధ్రువపత్రములోని పాత స్థానమున మాత్రమే ఉన్నచో దానిని అంగీకరించుట మానెను. పాత పద్ధతిలో పత్రములు తయారుచేయు సాధనములు మారక తప్పలేదు. ఈ మార్పులు ప్రాక్సీ నిర్మాతలకు శ్రమ కలిగించినను, అవి పరుల జాబులు చదువువారిని అడ్డగించుటకు పుట్టిన గోడలు. నిజాయితీ గల సాధనము గోడకు కన్నము వేయదు. యజమాని తెరచిన తలుపు గుండ పోవుట నేర్చుకొనును.

తాళపుచెవి ఎవరిది?

ఈ విషయమును తరగతిలో బోధింపదలచిన ఉపాధ్యాయులు మొదట ప్రాక్సీతో ప్రారంభింపనక్కరలేదు. కంప్యూటరులోని ముఖ్యమైన బ్రౌజర్లలో ఎఫ్12 మీట నొక్కి నెట్‌వర్క్ అను భాగమును తెరచినచో, ఆ పుటకు సంబంధించిన సంభాషణ చాల వరకు కనబడును. మూల ధ్రువపత్రము మార్చవలసిన పని లేదు. తరువాత ప్రాక్సీని వాడవలసి వచ్చినచో, తమ స్వంత యంత్రములో, తాము పరీక్షించు హక్కు గల పుట మీద వాడవలెను. పని ముగిసిన వెంటనే మూల ధ్రువపత్రమును తొలగింపవలెను. ఇతరుల కంప్యూటరులో వారి అనుమతి లేక ఇట్టి పని చేయుట సమాచార సాంకేతిక చట్టము, 2000 ప్రకారము శిక్షార్హము.

ధ్రువపత్రము చేర్చుమని ఏ ప్రోగ్రామైన అడిగినపుడు విద్యార్థి ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ దుబాసీ ఎవరి కొలువులో ఉన్నాడు? యజమాని కొలువులో నున్న దుబాసీ "తె" దగ్గర తెగిపోయిన మాటను "తెలుగు"గా పూర్తి చేయగలడు. అన్యుల కొలువులో నున్నవాడు యజమాని ఇంటిలోని ప్రతి మాటను బయటకు చేరవేయగలడు.