ఉప్పునీటికి హద్దు ఎక్కడ?

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మంచినీటి నదిలో మామూలుగా అర గ్రాము కూడా ఉండదు. ఈ రెండూ కలిసేచోట చేపల వేటకు ఏ నిబంధన వర్తిస్తుందో చట్టం తేల్చాలి. చిక్కంతా ఆ కలయిక ఒకచోట నిలవకపోవడంలోనే ఉంది. పోటుకు ఉప్పు పైకి ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది. వరదకు వెనక్కి పోతుంది, ఎండాకాలంలో నదిలోకి చొరబడుతుంది. పైగా ఉప్పునీరు బరువు కాబట్టి అడుగునుంచి చీలలా దూరుతుంది. ఒకే పడవ పక్కన పైపైన ముంచితే తియ్యటి నీరు, లోతునుంచి తోడితే ఉప్పునీరు వస్తుంది.

అమెరికాలోని లూసియానా ఈ హద్దును చట్టంలోనే రాసుకుంది. కాలువలు, రోడ్లు, ఒక రైలు వంతెన గుర్తులుగా అది రాష్ట్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగుతుంది. దానికి దక్షిణాన సముద్రపు చేపలు పట్టాలంటే మామూలు లైసెన్సుతోపాటు ఉప్పునీటి లైసెన్సు కూడా ఉండాలి. పొరుగున ఉన్న మిసిసిపి రాష్ట్రం రెండు రహదారులను ఎంచుకుంది: 90వ నంబరు హైవేకు దక్షిణాన ఉప్పునీటి లైసెన్సు, 10వ నంబరు ఇంటర్‌స్టేట్‌కు ఉత్తరాన మంచినీటి లైసెన్సు, నడుమ రెండింటిలో ఏదైనా చెల్లుతుంది. రోడ్డయితే వేటగాడికీ తనిఖీ అధికారికీ ఒకేలా కనిపిస్తుంది. 2023 కరవులో మిసిసిపి నది బలహీనపడి ఉప్పునీరు లూసియానాలోని న్యూ ఆర్లియన్స్ వైపు ఎగబాకింది. ఇంజనీర్లు నది అడుగున మట్టికట్ట వేసి దాన్ని నెమ్మదింపజేశారు. అక్కడి చట్టంలోని హద్దు మాత్రం ఉన్నచోటే ఉంది.

మన దేశంలో తీర నియంత్రణ మండల నిబంధనలు రోడ్డును కాక నీటినే కొలుస్తాయి. అవి వేటకు కాదు, నిర్మాణాలకు సంబంధించినవి. ఏడాదిలో నీరు బాగా తగ్గిన రోజుల్లో లీటరుకు 5 గ్రాముల ఉప్పు ఎంతదూరం కనిపిస్తే నదిలో అంతదాకా ఆ నిబంధనలు వర్తిస్తాయి.

లైసెన్సులకు రోడ్డులాంటి కదలని హద్దు చాలు, చేపల సంతతిని కాపాడటానికి చాలదు. మన తూర్పుతీరంలో సముద్రవేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. పులస గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదేది ఆ తర్వాత, వరదనీరు వచ్చాకే. పండుగప్పది దీనికి ఎదురు దారి: మంచినీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నది సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఉప్పునీటికి దిగుతుంది. ఇలాంటి చేపలకు వేట విరామం చేప ప్రయాణాన్ని బట్టి ఉండాలి. అది సముద్రంలోనూ మొగలోనూ నదిలోనూ ఒకే వరసలో అమలు కావాలి. అప్పుడే ఒకవైపు వదిలిన చేప రెండోవైపు వలలో పడకుండా ఉంటుంది.