ఔటర్ పక్కన ఇల్లుందా.. కరెంటు కారు లెక్క మీకే కుదురుతుంది!

పెద్ద అంబర్‌పేట్‌లో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న కుటుంబానికి రోజూ తప్పనిది దూరం. మెట్రో ఎక్కాలంటే ఎల్‌బీ నగర్ దాకా వెళ్లాలి. గచ్చిబౌలిలో ఉద్యోగమైతే ఔటర్ ఎక్కి శంషాబాద్ మీదుగా అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. పోను రాను నూట ఇరవై. లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే కారైనా రోజుకు ఎనిమిది లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన ఎనిమిది వందల యాభై పైమాటే. టోలు వేరే.

కరెంటు కారు అనగానే జూబ్లీహిల్స్, కొండాపూర్ గుర్తొస్తాయి. నిజానికి ఆ కారుకు కావాల్సినవన్నీ పెద్ద అంబర్‌పేట్‌లోనే ఎక్కువగా ఉన్నాయి. సొంత గేటు, గేటు లోపల కారు నిలిపే చోటు, సొంత మీటరు, పైన ఎండ పడే డాబా. అపార్టుమెంటులో సెల్లార్‌కు వైరు లాగాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఇక్కడ ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే చాలు.

ముందు మీటరు సంగతి. షోరూముల్లో చాలామంది చెప్పని విషయం ఇదే. ‘కిలోమీటరుకు రూపాయే’ అని ఊరిస్తారు గానీ శ్లాబుల గురించి నోరెత్తరు. ఇంట్లో ఇప్పటికే నెలకు 250 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. కారుకు ఇంకో 200 కలిస్తే 450. తెలంగాణలో 200 దాటాక యూనిట్ 7.70, 300 దాటాక 9, 400 దాటాక 9.50 రూపాయలు. అంటే కారు కోసం కాల్చే ప్రతి యూనిటూ పై శ్లాబుల్లోనే పడుతుంది. ఆ 200 యూనిట్లకు 1,760 రూపాయలు అవుతుంది. చార్జింగ్‌లో పోయే నష్టం తీసేసి, మీటరు దగ్గర యూనిట్‌కు ఆరు కిలోమీటర్లే వేసుకుందాం. 1,200 కిలోమీటర్లు తిరగొచ్చు. అదే దూరానికి పెట్రోలు ఖర్చు 8,560. శ్లాబు దెబ్బ తిన్నాక కూడా నెలకు 6,800 మిగులుతోంది. ఏడాదికి ఎనభై వేల పైన. గచ్చిబౌలి దాకా తిరిగే ఉద్యోగికి ఇంతకు రెట్టింపు.

కొనేటప్పుడు ధర ఎక్కువన్నది నిజమే. అయితే ఆన్‌రోడ్ ధర చూశాకే మాట్లాడాలి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి అమలు చేస్తున్న విధానం ప్రకారం కరెంటు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. గడువు 2026 డిసెంబరు 31. పది లక్షలు దాటిన పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తగ్గదు. 11 లక్షల కారుకు కనీసం 1,87,000 పన్నే కడతారు, మొత్తం 12.87 లక్షలకు తగ్గదు. పక్కన 14 లక్షల కరెంటు కారు ఉంటే, పన్ను లేదు కాబట్టి అసలు తేడా లక్షా పదమూడు వేలకు మించదు. పైన చెప్పిన పొదుపుతో ఏడాదిన్నరలో తీరిపోతుంది. జీఎస్టీ కూడా కరెంటు కారుకు 5 శాతమే. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద 18 శాతానికి తగ్గించడంతో ఆ తేడా కొంత కరిగింది.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. కారు లోను వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. సెక్షన్ 80ఈఈబీ కింద ఆ వెసులుబాటు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. దాన్ని లెక్కలో కలుపుకోకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 15 శాతం తగ్గింపు ఉంది గానీ, కారు ధర ఎక్కువ కాబట్టి మొత్తం ప్రీమియం తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఇంజిన్ ఆయిల్, క్లచ్ గొడవ ఉండదు. బరువు ఎక్కువ కావడంతో టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి.

డాబా ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. పీఎం సూర్య ఘర్ కింద మూడు కిలోవాట్ల సోలార్‌కు 78,000 సబ్సిడీ ఇస్తున్నారు. మన ఎండకు అది నెలకు సగటున 350 యూనిట్ల దాకా ఇస్తుంది. పైన వేసిన 200 యూనిట్ల కారు వాడకం మొత్తం అందులోంచే వెళ్లిపోయి, ఇంటి బిల్లు కూడా దిగుతుంది. పై శ్లాబులో పడే యూనిట్లే ముందు తగ్గుతాయి కాబట్టి సోలార్ డబ్బు తొందరగా తిరిగొస్తుంది. కారు, సోలార్ రెండూ కలిపి ప్లాన్ చేసుకునే ఇల్లే అందరికంటే ఎక్కువ లాభపడుతుందని నా గట్టి నమ్మకం.

వైరింగ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పాత సాకెట్‌కు తగిలించి రాత్రంతా వదిలేయకూడదు. కారుకు విడిగా వైరు, విడిగా ఎంసీబీ, మంచి ఎర్తింగ్ ఉండాలి. కరెంటాఫీసులో లోడు పెంచుకోవాలి. పదహారు ఆంపియర్ల సాకెట్ మీద ఓ మోస్తరు బ్యాటరీ నిండడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీసుకునేవాళ్లకు అది చాలు.

ఇక విజయవాడ. ఈ హైవే పక్కన ఉన్నవాళ్లకు సంక్రాంతి వచ్చిందంటే మొదటి ప్రశ్న అదే. ఇక్కడి నుంచి సుమారు 250 కిలోమీటర్లు. ఆర్టీసీ 2023 మేలోనే ‘ఈ-గరుడ’ బస్సులు ఈ దారిలో నడిపింది, ఒక్క చార్జింగ్‌తో 325 కిలోమీటర్లు వెళ్తాయని చెప్పి. కారు సంగతి వేరు. కంపెనీ చెప్పే రేంజి హైవే మీద రాదు. వంద దాటి తొక్కితే, ఏసీ వేస్తే ఇంకా పడిపోతుంది. సూర్యాపేటలో ఎలాగూ టిఫిన్‌కు ఆగుతాం కదా, ఆ అరగంట, ముప్పావుగంట ఫాస్ట్ చార్జర్‌కు పెడితే సరిపోతుంది. అక్కడ యూనిట్ ఇరవై రూపాయల పైన పడొచ్చు. అయినా పెట్రోలు కన్నా తక్కువే. పండగ ముందు రోజు మాత్రం పంతంగి టోల్‌గేట్ దగ్గర ఉన్నట్టే చార్జర్ల దగ్గరా క్యూ ఉంటుందని లెక్కేసుకుని బయల్దేరాలి.

బ్యాటరీ పోతే ఎలా అన్న భయం చాలామందిని ఆపుతోంది. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇప్పుడు మామూలైంది. అయితే రోజుకు 120 తిరిగేవాళ్లకు ఆ కిలోమీటర్లు ఐదారేళ్లలోనే అయిపోతాయి. ఏళ్ల కన్నా కిలోమీటర్ల పరిమితే ముందు చూడండి. బండి చేతులు మారితే వారంటీ ఎంత మిగులుతుందో కాగితం మీదే అడగండి. అమ్మేటప్పుడు ధర నిలబెట్టేది అదే.

నెలకు మూడు, నాలుగు వందల కిలోమీటర్లు దాటనివాళ్లు తొందరపడనక్కర్లేదు. ఆదా ఏడాదికి ముప్పై వేలు కూడా రాదు. ఉన్న కారు బాగుంటే దాన్నే వాడుకోండి. కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు బుకింగ్ డబ్బు కట్టకముందే ఓనరుతో మాట్లాడుకోవాలి. పార్కింగ్‌లో ఒక పవర్ ప్లగ్, దానికో సబ్ మీటరు పెట్టడానికి ఆయన ఒప్పుకుంటే సగం పని అయినట్టే. ఖర్చు మేమే పెట్టుకుంటామన్నా తప్పులేదు. ఒప్పుకోకపోతే మాత్రం ఫాస్ట్ చార్జర్ల మీదే బతకాలి, అప్పుడు పైన వేసిన లెక్కంతా మళ్లీ వేసుకోవాల్సిందే.