నేల మారితే కారు మారాలి: ఆర్‌సీ ఆఫ్‌రోడ్ రేసింగ్ కథ

రిమోట్ కారు అనగానే మనలో చాలామందికి చిన్నప్పుడు పుట్టినరోజుకి వచ్చిన బొమ్మ కారే గుర్తొస్తుంది. రెండు రోజులు ఇల్లంతా తిరిగి, మూడో రోజు మంచం కిందకి చేరేది. కానీ ఇదే రేడియో కంట్రోల్ కార్లతో సీరియస్‌గా రేసులు నడుస్తాయి. 1/10 స్కేల్ ఆఫ్‌రోడ్ కార్లకి 1985లోనే అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఈ రేసుల్లో మోటార్ ఎంత పవర్‌ఫుల్ అన్నది అసలు ప్రశ్న కాదు. మంచి బ్రష్‌లెస్ మోటార్ అందరి దగ్గరా ఉంటుంది. ఆ పవర్‌ని నేల ఎంతవరకు తీసుకుంటుంది అన్నదే ప్రశ్న.

ముందు ఒక చిన్న లెక్క. 1500 కిలోల నిజం కారుని పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ పదో వంతుకి తగ్గించామనుకోండి. బరువు వెయ్యో వంతు అవుతుంది, అంటే 1.5 కిలోలు. 1/10 బగ్గీ నిజంగానే దాదాపు అంతే ఉంటుంది. కానీ టైరు నేలని తాకే వైశాల్యం వందో వంతుకే తగ్గుతుంది. కాబట్టి నేల మీద ఒత్తిడి పదో వంతే. పెద్ద కారు దుమ్ముని నొక్కేసి కింద ఉన్న గట్టి నేలని పట్టుకుంటుంది. ఈ చిన్న కారుకి ఆ బరువు లేదు. పైగా 2 మిల్లీమీటర్ల దుమ్ము పొర దానికి 2 సెంటీమీటర్ల పొరతో సమానం. ఈఏపీసెట్ లెక్కల్లో ఘర్షణ గుణకం మ్యూ విలువ ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. ఇక్కడ రేసర్ దాన్ని టైరుతో, వేలితో తడిమి తెలుసుకోవాలి.

వదులు మట్టి

పైన దుమ్ము, కింద గట్టి నేల, మధ్యలో గుంతలు. ఇక్కడ టైరుకి పొడవైన, దూరదూరంగా ఉన్న రబ్బరు పళ్లు కావాలి. వాటిని పిన్స్ అంటారు. అవి దుమ్ములోకి దిగి కింది నేలని పట్టుకుంటాయి. సస్పెన్షన్ మెత్తగా, కారు కాస్త ఎత్తుగా ఉంటే గుంతల మీద చక్రం గాల్లోకి లేవకుండా నేలని అంటుకుని ఉంటుంది. టూ వీల్ డ్రైవ్ కారు అయితే బరువు వెనక చక్రాల మీదకి జరుపుతారు, ఎందుకంటే తోసేవి అవే. ట్రిగ్గర్ ఒక్కసారిగా నొక్కారంటే కారు బొంగరంలా తిరుగుతుంది. ఇక్కడ గెలిచేవాడికి వేలు మెత్తగా ఉండాలి.

గట్టి బంకమట్టి

బంకమట్టిని తడిపి, దిమ్మిస చేసి, ఆరనిస్తే సిమెంటు గచ్చులా తయారవుతుంది. కార్లు తిరిగేకొద్దీ రబ్బరు ఆ మట్టికి అంటుకుని, రేసింగ్ లైన్ నల్లగా మెరుస్తుంది. దీన్ని బ్లూ గ్రూవ్ అంటారు. ఇక్కడ పొడవైన పిన్స్ వేస్తే అవి వంగిపోయి కారు ఊగుతుంది. అందుకే పొట్టి పిన్స్, కొన్నిచోట్ల అసలు పిన్సే లేని నున్నటి స్లిక్ టైర్లు వాడతారు. అరిగిన టైరు కొత్త టైరు కంటే బాగా పనిచేసే సందర్భాలూ ఉన్నాయి. ఆ నల్ల గీతలో ఉన్నంతసేపు కారు పట్టాల మీద రైలే. అడుగు పక్కకి జరిగితే దుమ్ములో జారిపోతుంది.

అమెరికాలో కొన్ని ట్రాకుల మీద పంచదార నీళ్లు చల్లుతారు! ఆరాక అది జిగురులా పట్టుకుంటుంది. ఇంకొన్నిచోట్ల కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. అది గాల్లో తేమని పీల్చుకుని మట్టి ఎండిపోకుండా చూస్తుంది.

ఆస్ట్రోటర్ఫ్, కార్పెట్

బ్రిటన్‌లో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మట్టి ట్రాక్ తడిస్తే ఆ రోజు రేసు గోవిందా. అందుకే అక్కడి క్లబ్బులు ఎక్కువగా కృత్రిమ గడ్డి వైపు వెళ్లాయి. యూరప్‌లో చలికాలం రేసులు ఇండోర్‌లో, కార్పెట్ మీద జరుగుతాయి. ఈ రెండింటి మీదా సన్నటి పొట్టి పిన్స్ పోగుల మధ్యలోకి దూరి పళ్ల చక్రంలా పట్టుకుంటాయి.

గ్రిప్ ఎక్కువైతే హాయే కదా అనిపిస్తుంది. కాదు. గ్రిప్ తక్కువైతే మలుపులో కారు జారుతుంది. మరీ ఎక్కువైతే జారలేక పల్టీ కొడుతుంది. దీని పేరు ట్రాక్షన్ రోల్. సస్పెన్షన్ వంగడాన్ని పక్కన పెడితే లెక్క సింపుల్: కారు వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించండి. మ్యూ ఆ విలువని దాటితే కారు జారకముందే తిరగబడుతుంది. వెడల్పుకి నిబంధనల్లో హద్దు ఉంది కాబట్టి మిగిలింది ఎత్తు తగ్గించడమే. అందుకే కార్పెట్ కారు నేలకి దగ్గరగా, గట్టి స్ప్రింగులతో ఉంటుంది. కొందరు ముందు టైర్ల పక్క గోడలకి సూపర్ గ్లూ పూస్తారు. గ్రిప్ పెంచడానికి కాదు, తగ్గించడానికి!

ఒకే కారు అన్నిటికీ పనికిరాదా?

మెషిన్ లెర్నింగ్ చదివేవాళ్లకి ఓవర్‌ఫిటింగ్ తెలుసు కదా. ఒకే డేటా మీద అద్భుతంగా పనిచేసే మోడల్ కొత్త డేటా రాగానే తడబడుతుంది. ఇక్కడ కారు సెటప్‌ది కూడా అదే కథ. 1/10 ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2015లో జపాన్‌లోని యతాబేలో మట్టి మీద, 2017లో చైనాలోని షియామెన్‌లో ఆస్ట్రోటర్ఫ్ మీద, 2019లో స్లొవేకియాలో కార్పెట్ మీద జరిగింది. టైటిల్ అదే, కింద నేల మాత్రం వేరు. కంపెనీలు కూడా దీన్ని ఒప్పేసుకున్నాయి. ఎక్స్‌రే కంపెనీ ఎక్స్‌బీ2 బగ్గీని కార్పెట్‌కి ఒకటి, మట్టికి ఒకటి అని విడిగా అమ్ముతుంది. టీమ్ అసోసియేటెడ్ బీ6 కి కూడా మట్టి కోసం బీ6డీ అనే జోడీ ఉండేది.

ఇక్కడే అసలు గొడవ. కార్పెట్ పొద్దున ఎలా ఉందో సాయంత్రం దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి ఓడిపోతే నేలని తిట్టుకోలేం, ఎవరు బాగా నడిపారో తేలిపోతుంది. వానతో పని లేదు, రోజూ ట్రాక్ తడిపే మనిషి అక్కర్లేదు. ఇవి చిన్న లాభాలు కావు. కానీ ఆఫ్‌రోడ్ అంటేనే దారి లేని చోట నడపడం. ఎండ ఎక్కేకొద్దీ మట్టి ఎండుతుంది, గుంతలు పడతాయి, పొద్దున పనికొచ్చిన టైరు మధ్యాహ్నానికి పనికిరాదు. మట్టి మీద ఎక్కువగా జరిగే 1/8 స్కేల్ నైట్రో బగ్గీల ప్రపంచ ఫైనల్ గంటసేపు ఉంటుంది. ఆ గంటలోనే నేల మారిపోతుంది. ఆ మార్పుని ముందే ఊహించి టైరు ఎంచుకోవడం కూడా డ్రైవింగ్‌లో భాగమేనని నా అభిప్రాయం. నేల మారనప్పుడు ఆ విద్యతో పని లేదు, పని లేని విద్య మెల్లగా మర్చిపోతాం.

మీరెవరైనా ఇలాంటి కారు కొనాలనుకుంటే, యూట్యూబ్‌లో టాప్ స్పీడ్ వీడియోలు చూసేముందు మీ దగ్గర్లోని గ్రౌండ్‌కి వెళ్లండి. నేలని చెప్పుతో గీకి చూడండి. దుమ్ము లేచిందా, పెచ్చు ఊడిందా, గీతే పడలేదా? మొదట కొనాల్సిన టైరేదో ఆ నేలే చెప్తుంది. మోటార్ సంగతి తర్వాత.