మసిగుడ్డకీ ఓ లెక్కుంది!

డ్రిల్లింగ్ మెషీన్ ఏ కంపెనీది కొనాలో చెప్పడానికి పదిమంది ఉంటారు. స్పానర్ సెట్టు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చెప్పడానికి ఇంకో పదిమంది. చేతులు తుడుచుకునే గుడ్డ గురించి మాత్రం ఒక్కరూ చెప్పరు. ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాళ్లని అడిగి చూడండి. పనిలో ఎక్కువసార్లు చేతిలోకి వచ్చేది సుత్తీ కాదు, స్క్రూడ్రైవరూ కాదు, పాతగుడ్డే.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారంలో ఐదు రోజులు ల్యాప్‌టాప్‌తో సరిపోతుంది. శని, ఆదివారాలు మాత్రం ఉప్పల్‌లో మా ఇంటి ముందున్న కారు షెడ్డులో ఉంటాను. కారు ఇంకా కొనలేదు కాబట్టి ఆ షెడ్డు నాకు దక్కింది. నాన్న పాత స్కూటరు, నా బైకు, చెక్కపని కోసం ఒక బల్ల, గోడకు వేలాడే పనిముట్లు... అంతే నా సామ్రాజ్యం. మూడేళ్లుగా ఇదే వ్యవహారం. గుడ్డలు ఎక్కడ తేవాలి, ఎలా ఉతకాలి, ఎక్కడ పారెయ్యాలి అనే మూడు ప్రశ్నల్లో మొదటిది సరదా, రెండోది చాకిరీ, మూడోది ప్రాణాల మీదికి తెచ్చేది. అందుకే ఈ వ్యాసంలో మూడోదానికే ఎక్కువ చోటిస్తున్నాను.

చీర నుంచి అలుకుగుడ్డ దాకా

మన ఇళ్లలో బట్ట ఒక్కసారిగా చచ్చిపోదు. మెల్లమెల్లగా మెట్లు దిగుతుంది. కట్టి కట్టి మెత్తబడ్డ నేత చీర మొదట పసిపిల్లలకి పొత్తిగుడ్డ అవుతుంది. లేదంటే నాలుగు చీరలు కలిపి కుడితే బొంత. అదీ చిరిగాక వంటింట్లో మసిగుడ్డ, ఆ తర్వాత నేల తుడిచే అలుకుగుడ్డ. ఈ వరుసలో చిట్టచివర నిలబడి చెయ్యి చాచేవాణ్ని నేను. మా అమ్మ దగ్గర నాన్నమ్మ చీరలు నాలుగున్నాయి. వాటి వైపు చూస్తే చాలు, ‘‘అవి నీ పెళ్లయ్యాక పనికొస్తాయిరా, ముట్టుకోకు’’ అంటుంది. నా గ్రీజు చేతులకీ రాబోయే మనవడి పొత్తిళ్లకీ మధ్య పోటీలో ఎవరు గెలుస్తారో మీకే తెలుసు.

కాబట్టి నా వాటాకి వచ్చేవి నాన్న లుంగీలు, బనియన్లు, నా టీషర్టులు, చిరిగిన దుప్పట్లు. వీటిలో అన్నిటికన్నా మేలైనది పాత టీషర్టు. అది అల్లిక బట్ట. ఎక్కడ కత్తిరించినా అంచుల్లో పోగులు ఊడవు. నేత బట్టయితే కత్తిరించిన చోటల్లా దారాలు రాలి, సరిగ్గా వార్నిష్ ఆరుతున్న చెక్క మీదే అంటుకుంటాయి. తువ్వాళ్లు నీళ్లూ నూనే బాగా పీలుస్తాయి కానీ నూగు వదులుతాయి. నేల మీద ఒలికినదాన్ని ఎత్తడానికి అవి బాగుంటాయి, కార్బొరేటర్ తుడవడానికి వద్దు.

సింథటిక్ చీరలు, పాలిస్టర్ చొక్కాలు మాత్రం మొహమాటం లేకుండా పక్కన పెట్టేయండి. పత్తి గాలిలోంచే తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. దాంతో తుడిస్తే నూనె ఇక్కణ్నుంచి అక్కడికి జరుగుతుందే తప్ప పోదు. పైగా వేడి సైలెన్సర్‌కి తగిలితే కరిగి అతుక్కుపోతుంది. ఏది ఏ బట్టో తెలియకపోతే ఒక దారం లాగి, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసలాగా అయితే పాలిస్టర్. కొత్త బట్ట కూడా పనికిరాదండోయ్. దాని మీద మిల్లులో పట్టించిన పూత పోయేదాకా అది ఏదీ పీల్చదు. పది ఉతుకులు తిన్న పాతదే మేలు.

ఇంట్లోవి చాలకపోతే సికింద్రాబాద్ రాణీగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లున్నాయి. ‘బనియన్ వేస్ట్’ అని అడిగితే కిలోల లెక్కన ఇస్తారు. తిరుప్పూర్ లాంటి ఊళ్లలో బనియన్లు, టీషర్టులు కుట్టగా మిగిలే కత్తిరింపు ముక్కలు ఇలా మూటలై దేశమంతా తిరుగుతాయి. తెల్లది ఖరీదు, రంగులది చవక. థిన్నర్‌తో తుడిచే పనికి తెల్లదే తీసుకోండి, రంగుగుడ్డ తన రంగుని మీ చెక్కకి అంటిస్తుంది. మిగతా అన్నిటికీ రంగులది చాలు. ఇక మిల్లుల్లో మిగిలే దారాల చిక్కు, అదే కాటన్ వేస్ట్, మెకానిక్కులకి ప్రాణం. నాకు మాత్రం నచ్చదు, ప్రతి బోల్టు మీదా ఒక పోగు వదిలిపోతుంది. హర్యానాలోని పానిపట్ కథ ఇంకా పెద్దది. విదేశాల్లో విడిచేసిన బట్టలు కాండ్లా రేవు మీదుగా వచ్చి, అక్కడ గుండీలూ జిప్పులూ ఊడి, రంగుల వారీగా వేరై, మళ్లీ దారమై దుప్పట్లవుతాయి. అమెరికావాడి స్వెట్టరు మన రైల్వే ప్లాట్‌ఫామ్ మీద దుప్పటిగా పడుకుని ఉండొచ్చు!

ఎక్కణ్నుంచి తెచ్చినా సరే, వాడేముందు గుండీలు, హుక్కులు, జిప్పులు కోసేయాలి. పాలిష్ చేసిన పెట్రోలు ట్యాంకు మీద ఒక్క హుక్కు చాలు, జీవితాంతం గుర్తుండే గీత పడటానికి. ముక్కలు కూడా రెండు అరచేతులంత చాలు. పొడుగు పేలికలు వద్దు. ఎందుకంటే...

మా వీధి చివర మెకానిక్ అన్నకి కుడిచేతి ఉంగరం వేలు మొదటి కణుపు లేదు. చాలాకాలం అడగడానికి మొహమాటపడ్డాను. ఓరోజు నేను బైకుని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి గొలుసు శుభ్రం చేస్తుంటే చూసి ఆయనే వచ్చాడు. ముందు ఇంజిన్ ఆగి ఉందో లేదో చూశాడు. ‘‘ఆపే చేస్తున్నవు, మంచిది. నేను గేర్‌ల పెట్టి, చక్రం తిరుగుతుంటే గుడ్డ పట్టిన తమ్మీ. గుడ్డను గుంజింది, దాంతో పాటు వేలు’’ అని చెయ్యి చూపించాడు. గొలుసుకీ పళ్లచక్రానికీ మధ్య గుడ్డ చిక్కితే చెయ్యి వదలడానికి సమయం ఉండదు. డ్రిల్లు, లేత్, గ్రైండర్... తిరిగేది ఏదైనా ఇంతే. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడవాలి.

ఉతకాలా, వద్దా?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంజిన్ ఆయిల్, గ్రీజు బాగా పట్టిన గుడ్డ ఉతకొద్దు. చాకలి సోడా వేసిన వేడి నీళ్లు వంట నూనెల్ని కొంతవరకు సబ్బుగా మార్చి వదిలిస్తాయి. పెట్రోలియం నుంచి వచ్చే ఇంజిన్ ఆయిల్ దగ్గర ఆ రసాయనం పారదు. డిటర్జెంటుతోనే కుస్తీ పట్టాలి. పట్టి వదిలించారే అనుకుందాం, ఆ నల్లనీళ్లు ఎక్కడికి పోతాయి? మా ఇంట్లోనైతే షెడ్డుకి నాలుగడుగుల దూరంలోనే ఇంకుడు గుంత. దాని పక్కనే బోరు. కిలో గుడ్డల కోసం తాగే నీళ్లలో నూనె కలుపుకోవడం ఏం లెక్క?

ఉతకాల్సినవి వేరే ఉన్నాయి. చెక్కపొట్టు, దుమ్ము, కాస్త మట్టి, చేతి జిడ్డు అంటినవి. వీటిని ముందు బయట దులిపి, బకెట్‌లో వేడినీళ్లు, చాకలి సోడా, డిటర్జెంటు వేసి రాత్రంతా నానబెడతాను. అమ్మ తలకి వాడగా మిగిలిన కుంకుడు పిప్పి కూడా అందులోనే వేస్తాను, అదీ నురగొచ్చే సరుకే కదా. ఇంట్లోవాళ్ల బట్టల్తో కలపడం, వాషింగ్ మెషీన్‌లో వెయ్యడం రెండూ మా ఇంట్లో నిషిద్ధం. అమ్మ భయం వల్ల మాత్రమే కాదు. పెట్రోలు, థిన్నర్ తగిలిన గుడ్డని మెషీన్‌లో పెడితే ఆవిరి లోపలే పోగవుతుంది. స్విచ్చు నుంచి ఒక్క మెరుపు చాలు. ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా వద్దు. అది పోగుల మీద పొరలా పట్టుకుని, పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది.

నిప్పు లేకుండానే నిప్పు

ఇప్పుడు అసలు విషయం. చెక్కకి మెరుపు కోసం అవిసె నూనె రాస్తాం. రంగుల దుకాణాల్లో ‘డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అని అమ్మేది అదే. పొద్దున్నే పొడి కొట్టుకుని తినే అవిసె గింజల నూనే. తింటే గుండెకి మంచిదని చెప్పే ఆ కొవ్వు ఆమ్లాలే గుడ్డకి పట్టినప్పుడు ఇంకో వేషం వేస్తాయి. ఈ నూనె నీళ్లలాగా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. బల్ల మీద పలచగా రాసినప్పుడు ఆ వేడి గాలికి పోతుంది. అదే నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూలన పడేస్తే? లోపలికి గాలి ఆడుతుంది, వేడి మాత్రం బయటికి పోదు. వేడెక్కేకొద్దీ చర్య వేగం పెరుగుతుంది. కొన్ని గంటల్లో పొగ, ఆపైన మంట. అగ్గిపుల్ల అక్కర్లేదు, షార్ట్ సర్క్యూట్ అక్కర్లేదు. మన ఎండాకాలం షెడ్డులో అయితే సగం పని ఎండే చేసిపెడుతుంది.

అతిశయోక్తి అనుకుంటున్నారా? 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. 22వ అంతస్తులో చెక్క పలకలకి మెరుగు పెట్టిన పనివాళ్లు అవిసె నూనె గుడ్డల్ని అక్కడే వదిలి వెళ్లారు. శనివారం, ఆఫీసులో ఎవరూ లేరు. మంటలు 18 గంటలకు పైగా ఆరలేదు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. చివరికి 30వ అంతస్తులో స్ప్రింక్లర్లు ఉండబట్టి మంట అక్కడ ఆగింది. భవనం మళ్లీ తెరుచుకోలేదు, 1999 నాటికి కూల్చేశారు.

మా షెడ్డులో రెండు బళ్ల ట్యాంకుల్లో పెట్రోలు, పైన అమ్మానాన్నల పడకగది. అందుకే ఈ ఒక్క విషయంలో ‘ఏమవుతుందిలే’ అన్నమాట నాకు నచ్చదు. అవిసె నూనె ముట్టిన గుడ్డని పని అయిన వెంటనే, టీ తాగకముందే, పెరట్లో తీగ మీద ఒక్కొక్కటీ విడివిడిగా పరిచి ఆరేస్తాను. మడత ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి పడకూడదు. రెండుమూడు రోజులకి అప్పడంలా పెళుసుగా గట్టిపడుతుంది. అప్పుడిక దానిలో వేడి పుట్టించే సరుకు మిగలదు. వాన పడుతుంటేనో, చీకటి పడితేనో నాలుగు లీటర్ల ఇనుప పెయింటు డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డ పూర్తిగా మునిగేలా వేసి మూత బిగిస్తాను. ప్లాస్టిక్ కవరు పనికిరాదు. ఫ్యాక్టరీల్లో దీనికోసమే కాలితో తొక్కితే తెరుచుకుని, వదిలితే తనంతట తానే మూసుకునే ఎర్ర ఇనుప డబ్బాలుంటాయి. అడుగు నేలకి తగలకుండా కాస్త ఎత్తులో ఉంటుంది, రోజూ ఖాళీ చేస్తారు.

డానిష్ ఆయిల్, టంగ్ ఆయిల్, చాలా రకాల వార్నిష్‌లూ ఈ జాతివే. వంటింటి కుసుమ నూనెకీ ఈ బుద్ధి కొంచెం ఉంది. ఆముదానికి లేదు. ఇంజిన్ ఆయిల్ ఇలా తనంతట తాను వేడెక్కదు, కానీ అంటుకుంటే మాత్రం ఆరదు. పెట్రోలు, థిన్నర్ గుడ్డల సంగతి వేరు. వాటి ప్రమాదం ఆవిరిలో ఉంది కాబట్టి గాలాడే చోట, పొయ్యికీ స్విచ్చులకీ దూరంగా ఆరనివ్వాలి.

చెత్తబండి దగ్గర

ప్రమాదకర వ్యర్థాలపై 2016లో వచ్చిన కేంద్ర నిబంధనల షెడ్యూలులో 33.2 అని ఒక పద్దు ఉంది. కలుషితమైన నూలు గుడ్డలు, తుడిచే సామగ్రి అక్కడికి వస్తాయి. ఫ్యాక్టరీలు వాటిని దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రత్యేక కేంద్రాలకి పంపాలి. ఇంట్లో పనిచేసుకునే నాబోటివాడికి దగ్గరున్నది మాత్రం పొద్దున్నే వచ్చే చెత్త ఆటోనే.

ఆ ఆటోలో వచ్చే అక్క మా బుట్టని అక్కడే బోర్లించి, తడీ పొడీ చేత్తో వేరు చేస్తుంది. చాలాసార్లు గ్లౌజులుండవు. గుడ్డల్లో ఇనుప రజను, విరిగిన రంపపు బ్లేడు ముక్క ఉంటే తెగేది ఆమె చెయ్యే. అందుకని గుడ్డల్ని దులిపి, అయస్కాంతం ఒకసారి తిప్పి, పదునైనవన్నీ వేరే మూత డబ్బాలో వేస్తాను. ఆ డబ్బా పాత ఇనుము కొనేవాడికి పోతుంది. కారే నూనె ఉన్న గుడ్డని చెక్కపొట్టులో దొర్లిస్తే పొట్టే నూనెని పీల్చుకుంటుంది. సంచీని విడిగా కట్టి ‘నూనె గుడ్డలు’ అని రాసేవాణ్ని. ఆమెకి చదువు రాదని తెలిశాక, ఎర్రగుడ్డ ముడి వెయ్యడం మొదలుపెట్టాను. ఆటోకి కొక్కెం ఉంది. ఎర్రముడి సంచీ మిగతా చెత్తలో కలవకుండా దానికి వేలాడుతుంది.

పోయిన నెల ఆమె సంచీ అందుకుంటూ, ‘‘మంచివి ఉంటే రెండియ్యి బిడ్డా, బండి అద్దం తుడుస్త’’ అంది. తెల్ల బనియన్ వేస్ట్ నాలుగు ముక్కలిచ్చాను. ఇప్పుడు వారానికోసారి అడుగుతుంది.