లోతు గుంటలో బిగుసుకున్న ప్లగ్గు

2004 నుంచి 2008 వరకు ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కుల్లో అమర్చిన 5.4 లీటర్ల ట్రైటన్ వి8 ఇంజిన్‌కు అమెరికా మెకానిక్కుల్లో ఒక చెడ్డపేరుంది. పాత స్పార్క్ ప్లగ్గు విప్పబోతే సగం చేతికొస్తుంది, మిగతా సగం ఇంజిన్‌లోనే ఉండిపోతుంది.

ఈ ఇంజిన్‌లో ప్రతి ప్లగ్గూ సిలిండర్ హెడ్‌లో లోతైన, ఇరుకైన గుంట అడుగున ఉంటుంది. పైన ఇగ్నిషన్ కాయిల్ కూర్చుంటుంది. రెండు వరసల్లోనూ చివరివైన 4, 8 నంబరు సిలిండర్లు బోనెట్ వెనక గోడకు దగ్గరగా ఉండటంతో అక్కడికి చెయ్యి సరిగా వెళ్లదు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్లతో పని నడిపించాలి.

అయితే అసలు చిక్కు ప్లగ్గు తయారీలో ఉంది. మామూలు ప్లగ్గులో ఉక్కు తొడుగు మరల దగ్గరే ముగుస్తుంది. ఇందులో మరల కింద పొడవైన సన్నని గొట్టం ఉంటుంది. అది విడి ముక్క, పైతొడుగుకు నొక్కి అతికించినది. ఆ గొట్టానికీ హెడ్‌లోని రంధ్రానికీ నడుమ ఉన్న సందులోకి దహన వాయువుల మసి చేరి ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. ప్లగ్గు మార్పుకు కంపెనీ చెప్పిన గడువు దాదాపు 1,60,000 కిలోమీటర్లు. అంతకాలం కదలని ప్లగ్గును పానాతో తిప్పితే మరల భాగం తిరుగుతుంది, గొట్టం మాత్రం కదలదు. అతుకు ఊడి, లోపలి పింగాణీ పగులుతుంది. ఇలాంటి ఇంజిన్‌కు ఆ గడువు చాలా ఎక్కువ. ముందే మార్చుకోవడం మేలు.

2008లో ఫోర్డ్ తన డీలర్లకు పంపిన సర్వీసు సూచనలో బలం కంటే ఓపికకే పెద్దపీట. ఇంజిన్‌ను పూర్తిగా చల్లారనివ్వాలి, ఎందుకంటే వేడి మీద హెడ్‌లోని అల్యూమినియం మరలు సులువుగా చెడిపోతాయి. కాయిల్ తీశాక గుంటలోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదేయాలి. ప్లగ్గును ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు మాత్రమే వదులు చేసి, కార్బొరేటర్ క్లీనర్ కొద్దిగా పోసి, కనీసం 15 నిమిషాలు నాననివ్వాలి. ద్రవం మరల సందుల్లోంచి దిగి మసిని మెత్తబరుస్తుంది. ఎక్కువ పోస్తే సిలిండర్‌లో నిలుస్తుంది. ద్రవం గాలిలా కుదించుకుపోదు కాబట్టి పిస్టన్‌కు ప్రమాదం. నానాక మళ్లీ బిగించడం, మళ్లీ వదులు చేయడం, ఇలా అటూ ఇటూ కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలి. కిర్రుమని చప్పుడు వస్తుంది, చేతికి బిర్రు తెలుస్తుంది. బిర్రు తగ్గకపోతే మరికాస్త క్లీనర్ పోసి ఆగాలి.

ఇంత చేసినా విరగవచ్చు. అప్పుడు మిగిలిన పింగాణీని కిందికి నెట్టి, గొట్టం లోపల మరలు కోసే ప్రత్యేక పనిముట్టును ఎక్కించి, పుల్లర్‌తో నిదానంగా పైకి లాగుతారు. పెంకు ముక్కలన్నిటినీ, లోపలికి దిగిన ద్రవాన్నీ వాక్యూమ్ గొట్టంతో పీల్చేయాలి. ఒక్క పింగాణీ ముక్క మిగిలినా సిలిండర్ గోడకు గీత పడుతుంది.

కొత్త ప్లగ్గుకు గొట్టం మీద మాత్రమే, బిగుసుకోకుండా చూసే నికెల్ కలిసిన యాంటీ-సీజ్ పూత పలుచగా రాయాలి. ఎలక్ట్రోడుకు అంటితే నిప్పురవ్వ దెబ్బతింటుంది. మొదట చేత్తోనే తిప్పి, తర్వాత టార్క్ రెంచితో 34 న్యూటన్-మీటర్లకు బిగించాలి. తర్వాతి కాలంలో కొన్ని కంపెనీలు ఇదే ఇంజిన్‌కు ఒకే ముక్కగా చేసిన ప్లగ్గులు తెచ్చాయి. అతుకే లేదు కనుక ఊడే భయమూ లేదు. పని ముగించి ఇంజిన్ స్టార్ట్ చేశాక మిగిలిన క్లీనర్ కాలి కాసేపు పొగ రావచ్చు. ఆ తర్వాత కూడా ఇంజిన్ మిస్సవుతుంటే ముందుగా కాయిల్ గుంటలో సరిగా కూర్చుందో లేదో చూడాలి.